తలలో గడ్డ చుట్టూ వాపు: ఎందుకొస్తుంది, ఇంట్లో ఎలా చూసుకోవాలి

తలలో గడ్డ ఉందని తేలిన మనిషికి కుడిచెయ్యి పట్టు తప్పుతుంది, మాట తడబడుతుంది. ఆసుపత్రిలో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మందు మొదలుపెట్టిన రెండో రోజుకో మూడో రోజుకో చెయ్యి లేస్తుంది, మాట తిరిగొస్తుంది. గడ్డ కరిగిపోతోందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. ఇంటికొచ్చాక మాత్రలు అయిపోతాయి. బాగానే ఉన్నాడు కదా అని మళ్లీ కొనరు. కొద్ది రోజుల్లో అదే చెయ్యి మళ్లీ వాలిపోతుంది.

ఈ మధ్యలో గడ్డ కరగనూ లేదు, కొత్తగా పెరగనూ లేదు. తగ్గిందీ, తిరిగొచ్చిందీ గడ్డ చుట్టూ ఉన్న వాపు. రోగి పడే బాధలో చాలా భాగం ఈ వాపు వల్లే, దాన్ని గంటల్లో, రోజుల్లో తగ్గించే మందు ఉంది. అయితే ఆ మందు వాడటం తెలియాలి, ఆపడం అంతకన్నా బాగా తెలియాలి. ఈ వ్యాసం రోగిని ఇంట్లో చూసుకునేవాళ్ల కోసం. మోతాదు నిర్ణయించేది డాక్టరే. ఆ నిర్ణయాన్ని ఇంట్లో తప్పు లేకుండా అమలు చెయ్యడం మీ చేతుల్లో ఉంటుంది.

ముందు ఒక మాట సరిచూసుకోండి. మన వైపు "మెదడుకి నీరు పట్టింది" అని రెండు వేరు వేరు జబ్బులకూ అంటారు. మెదడు కణజాలంలోకి నీరు ఇంకి ఉబ్బితే అది వాపు, అంటే ఎడీమా. మెదడు లోపలి గదుల్లో ఉండే నీరు బయటికి పోయే దారి మూసుకుపోయి గదులు ఉబ్బితే అది హైడ్రోకెఫలస్. మొదటిదానికి ప్రధానంగా మందు, రెండోదానికి సాధారణంగా గొట్టం వేసే ఆపరేషన్. గడ్డ ఉన్నవాళ్లకు రెండూ కలిసి కూడా రావచ్చు. మీవాళ్లకు ఉన్నది ఏదో డాక్టరును సూటిగా అడగండి.

ఊట ఎక్కడిది

గోదావరికి వరదొచ్చిన రోజుల్లో గట్టు తెగకపోయినా, నీరు పొర్లకపోయినా, ఇవతల చేలో ఊట లేస్తుంది. గట్టు పైకి గట్టిగానే కనిపిస్తుంది, అడుగున మాత్రం నీరు దారి చేసుకుంటూ ఉంటుంది. గడ్డ చుట్టూ జరిగేది ఇంచుమించు ఇదే.

ఒంట్లో మిగతాచోట్ల సన్నటి రక్తనాళాల గోడల్లో సందులుంటాయి, నీరూ పోషకాలూ వాటిగుండా అటూ ఇటూ పోతుంటాయి. మెదడులో అలా కాదు. నాళం గోడ కణాలు ఒకదానికొకటి బిగుతుగా కుట్టినట్టు అతుక్కుని ఉంటాయి. బయటివైపు నక్షత్రాకారపు కణాలు పాదాలు ఆనించి కాపు కాస్తాయి. దీన్ని రక్త-మెదడు అవరోధం అంటారు. రక్తంలో ఉన్న ప్రొటీన్లు దీన్ని దాటి మెదడులోకి ఇష్టమొచ్చినట్టు రాలేవు.

గడ్డ త్వరగా పెరుగుతుంటే దానికి రక్తం చాలదు. అప్పుడది వీఈజీఎఫ్ అనే పదార్థాన్ని వదులుతుంది. అది కొత్త నాళాలను మొలిపిస్తుంది, ఉన్న నాళాల కుట్లు వదులు చేస్తుంది. 1983లో బోస్టన్ పరిశోధకులు దీన్ని మొదట గుర్తించినప్పుడు పెట్టిన పేరే "నాళాల నుంచి కారేలా చేసే కారకం". నాళాలను పెంచే గుణం సంగతి తర్వాత తేలింది. ఆ తొందరలో మొలిచిన నాళాలకు కుట్లు సరిగా ఉండవు. రక్తంలోని ప్రొటీన్ బయటికొస్తుంది, దాని వెంట నీరూ వస్తుంది. ఇగోర్ క్లాట్జో 1967లో ఈ రకం వాపును వాసోజెనిక్ అని, కణాలే ఉబ్బే రకాన్ని సైటోటాక్సిక్ అని విడదీశాడు. పక్షవాతంలో మొదట వచ్చేది రెండో రకం. గడ్డల చుట్టూ ఉండేది ప్రధానంగా మొదటిది. పక్షవాతం వాపుకు పనిచెయ్యని స్టెరాయిడ్ గడ్డ వాపుకు పనిచెయ్యడానికి కారణం ఈ తేడాయే.

కారిన నీరు గడ్డ దగ్గరే ఆగదు. మెదడు పైపొరలో కణాలు దగ్గర దగ్గరగా కిక్కిరిసి ఉంటాయి, అక్కడ నీటికి చోటు దొరకదు. లోపలి తెల్లని భాగంలో నరాల తీగలు బారులు తీరి వదులుగా ఉంటాయి. చేలో బోదెల వెంట నీరు పారినట్టు ఆ తీగల వెంట నీరు పాకుతుంది. చెయ్యి కదిలించే తీగలు ఆ దారిలో ఉంటే, గడ్డ వాటిని తాకకపోయినా చెయ్యి బలం తగ్గుతుంది. అందువల్లే గడ్డ నిమ్మకాయంతే ఉన్నా వాపు అరచేతి మేర ఉండవచ్చు.

గడ్డ పరిమాణాన్ని బట్టి వాపు ఎంతుంటుందో అంచనా వెయ్యలేం. ఊపిరితిత్తుల నుంచో రొమ్ము నుంచో మెదడుకు పాకిన క్యాన్సర్ చిన్న బఠాణీ గింజంత ఉన్నా చుట్టూ పెద్ద వాపు తెస్తుంది. మెదడులోనే పుట్టి వేగంగా పెరిగే క్యాన్సర్ గ్లయోబ్లాస్టోమా కూడా అంతే. మెదడును కప్పి ఉంచే పొరల నుంచి నిదానంగా పెరిగే మెనింజియోమా కొందరిలో బాగా వాపు తెస్తుంది, మరికొందరిలో అసలు తేదు. మెదడులోనే పుట్టి నిదానంగా పెరిగే తక్కువ గ్రేడు గ్లయోమాల చుట్టూ వాపు సాధారణంగా స్వల్పం.

పుర్రెలో చోటు లేదు

కాలు వాస్తే చర్మం సాగుతుంది. పుర్రె సాగదు. అందులో ఉండేవి మూడే: మెదడు సుమారు 80 శాతం, రక్తం 10, మెదడు చుట్టూ తిరిగే నీరు 10. ఒకటి పెరిగితే మిగతా రెండూ తగ్గి చోటివ్వాలి. ఈ సూత్రాన్ని 1783లో అలెగ్జాండర్ మన్రో, 1824లో జార్జి కెల్లీ చెప్పారు. ఈనాటికీ న్యూరోసర్జరీ వార్డులో లెక్కంతా దీని మీదే నడుస్తుంది.

పెద్దవాళ్లలో ఆ నీరు మొత్తం 150 మిల్లీలీటర్ల దాకా ఉంటుంది. రోజుకు సుమారు 500 మిల్లీలీటర్లు కొత్తగా ఊరుతుంది, అంతా రక్తంలోకి తిరిగిపోతుంది. వాపు మొదలైనప్పుడు ముందు ఈ నీరు వెన్నువైపు జరిగి చోటిస్తుంది, తర్వాత సిరల్లో రక్తం తగ్గుతుంది. అందుకే చాలా రోజులు పెద్దగా ఏమీ తెలియదు. ఆ వెసులుబాటు అయిపోయాక మాత్రం చెంచాడు నీరు పెరిగినా పీడనం ఒక్కసారిగా లేస్తుంది. పడుకున్న పెద్ద మనిషిలో అది మామూలుగా 7 నుంచి 15 మిల్లీమీటర్ల పాదరసం ఉంటుంది. నిన్నటిదాకా తిరిగిన మనిషి ఇవాళ మత్తుగా పడి ఉన్నాడంటే ఒక్కరోజులో గడ్డ పెరిగిందని కాదు, వెసులుబాటు అయిపోయిందని.

తెల్లవారుజామున తలనొప్పి ఎక్కువగా ఉండటానికి కారణమూ ఇక్కడే ఉంది. రాత్రంతా వెల్లకిలా పడుకుంటే తల నుంచి సిరల రక్తం నెమ్మదిగా దిగుతుంది. నిద్రలో ఊపిరి తగ్గి రక్తంలో బొగ్గుపులుసు వాయువు కొంచెం పెరుగుతుంది, దాంతో మెదడు నాళాలు వెడల్పవుతాయి. లేచి కూర్చుని కాసేపు తిరిగాక, ఒక్కోసారి వాంతి అయ్యాక, నొప్పి తేలికపడుతుంది. ఈ వరస రోజూ కనిపిస్తే డాక్టరుకు అదే వరసలో చెప్పండి. "తలనొప్పి ఉంది" అన్న ఒక్కమాట కన్నా అది ఎంతో ఉపయోగం.

స్కాన్ చూసేటప్పుడు

సీటీలో వాపు నల్లగా, ఎంఆర్ఐలో టీ2, ఫ్లెయిర్ అని రాసి ఉన్న బొమ్మల్లో తెల్లగా కనిపిస్తుంది. చేతివేళ్లు చాపినట్టు తెల్లని భాగంలోకి పాకి ఉంటుంది. ఆ తెల్లదనమంతా గడ్డే అనుకుని హడలిపోనక్కర్లేదు. గాడోలినియం అనే కాంట్రాస్టు మందు ఎక్కించాక తీసిన బొమ్మల్లో మెరిసే ముద్దో, ఉంగరమో చాలా గడ్డల్లో ప్రధాన భాగాన్ని చూపిస్తుంది. అయితే గ్లయోమాల్లో వాపులా కనిపించే చోట కూడా గడ్డ కణాలు పాకి ఉండవచ్చు.

రిపోర్టులో రెండు మాటలు వెతకండి. "మాస్ ఎఫెక్ట్" అంటే చుట్టుపక్కల భాగాలను నెడుతోందని. "మిడ్‌లైన్ షిఫ్ట్" అంటే మెదడు నడిమి గీత పక్కకు జరిగిందని, ఎన్ని మిల్లీమీటర్లో పక్కన రాసి ఉంటుంది. 5 మిల్లీమీటర్లు దాటితే వైద్యులు తీవ్రంగా తీసుకుంటారు. పాత రిపోర్టులో 3 ఉండి కొత్తదాంట్లో 7 ఉంటే వాపో, గడ్డో, రెండూనో పెరిగాయని అర్థం.

ఉంగరంలా మెరిసి చుట్టూ వాపున్నదల్లా క్యాన్సర్ కాదు. మన దేశంలో క్షయ గడ్డలు, బద్దెపురుగు తిత్తులు కూడా అచ్చం అలాగే కనిపిస్తాయి. ముక్క తీసి పరీక్ష చెయ్యాలని డాక్టరు పట్టుబట్టేది అందుకే.

డెక్సామెథసోన్: లెక్క తప్పకూడని మందు

గడ్డ వాపుకు ఈ మందు వాడకాన్ని 1961లో మినియాపొలిస్‌లో గాలిచిచ్, ఫ్రెంచ్ వెల్లడించారు. అంతకుముందు ఆపరేషన్ దాకా బతకని రోగులు ఆ తర్వాత బతకసాగారు. ఇది వదులైన కుట్లను మళ్లీ బిగిస్తుంది, వీఈజీఎఫ్ ప్రభావాన్ని తగ్గిస్తుంది. కొన్ని గంటల్లో పని మొదలై, 24 నుంచి 72 గంటల్లో తేడా బాగా కనిపిస్తుంది. గడ్డను మాత్రం చంపదు. లింఫోమా అనే ఒక్క రకం దీనికి మినహాయింపు.

ఆ మినహాయింపు తేలిగ్గా తీసుకోవలసింది కాదు. మెదడు లింఫోమా అయితే స్టెరాయిడ్‌కు గడ్డ కొన్నాళ్లపాటు కరిగి కనిపించకుండా పోతుంది, ముక్క తీసినా ఏమీ దొరకదు, జబ్బు పేరు తేలక నెలలు గడుస్తాయి. అందుకే ప్రాణం మీదికి రాకపోతే ముక్క తీసే పరీక్ష (బయాప్సీ) దాకా స్టెరాయిడ్ ఆపి ఉంచుతారు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర తలనొప్పికి సూది చేయించుకుని ఉంటే అందులో డెక్సా ఉందేమో అడిగి, తేదీతో సహా న్యూరోసర్జన్‌కు చెప్పండి.

మోతాదు సామాన్యంగా ఇలా ఉంటుంది. బాధలు ఓ మోస్తరుగా ఉంటే రోజుకు 4 నుంచి 8 మిల్లీగ్రాములు. మత్తు, వాంతులు, బలం బాగా తగ్గడం ఉంటే 16 దాకా. బాధలేమీ లేకుండా స్కాన్‌లో మాత్రమే వాపుంటే చాలాసార్లు అసలు వాడరు. ఈ మందు ప్రభావం ఒంట్లో 36 గంటల పైన నిలుస్తుంది కాబట్టి రోజుకు ఒకటి రెండుసార్లు వేస్తే చాలు. పొద్దున టిఫిన్ తిన్నాక ఒకటి, మధ్యాహ్నం భోజనం తర్వాత, గడియారంలో రెండు కొట్టేలోపు ఇంకొకటి. రాత్రి వేస్తే తెల్లార్లూ నిద్ర పట్టదు. చీటీలో "రోజుకు నాలుగుసార్లు" అని ఉంటే మీ అంతట మీరు మార్చకండి, రెండుపూటలకు కుదించవచ్చా అని అడగండి.

తప్పు ఎక్కువగా జరిగేది మాత్రల లెక్కలో. మందుల షాపుల్లో తేలిగ్గా దొరికే చిన్న మాత్ర అర మిల్లీగ్రాముది. చీటీలో 4 మిల్లీగ్రాములు అని ఉంటే అవి 8 మాత్రలు. 4 మిల్లీగ్రాముల మాత్ర విడిగా దొరుకుతుంది. ఒక షాపులో 4 కొని, తర్వాత వేరే షాపులో అర మిల్లీగ్రాముది తెచ్చి "ఒక మాత్ర" అని వేస్తే మోతాదు ఎనిమిదో వంతుకు పడిపోతుంది, వాపు తిరగబెడుతుంది. తిరగేసి జరిగినా ప్రమాదమే. అట్ట మీద అంకె చదివి, వెలుగులో ఇంకొకరికి చూపించి వెయ్యండి. డెక్సా లేదని షాపువాళ్లు ప్రెడ్నిసొలోన్ ఇస్తే తీసుకోకండి. డెక్సా 0.75 మిల్లీగ్రాములు ప్రెడ్నిసొలోన్ 5కు సమానం, అంటే 4 మిల్లీగ్రాముల డెక్సాకు 25 పైచిలుకు ప్రెడ్నిసొలోన్ కావాలి. పైగా అది ఒంట్లో ఉప్పునీ నీటినీ ఎక్కువగా నిలుపుతుంది.

మూర్ఛ మందుల్లో ఫెనిటాయిన్, క్షయ మందుల్లో రిఫాంపిసిన్ డెక్సాను కాలేయంలో త్వరగా కరిగించేస్తాయి. మోతాదు సరిగానే ఉన్నా పనిచెయ్యట్లేదనిపిస్తే ఇవి వాడుతున్నారేమో చూసి డాక్టరుకు గుర్తుచెయ్యండి. లెవెటిరాసెటామ్ అనే మూర్ఛ మందుతో ఈ గొడవ లేదు.

మందు తెచ్చే చిక్కులు

షుగరు ముందు. స్టెరాయిడ్ వల్ల పెరిగే షుగరు పొద్దున పరగడుపున మామూలుగానే ఉండి, మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా పైకి లేస్తుంది. పరగడుపు పరీక్ష ఒక్కటే చేయించి "షుగరు లేదు" అనుకోవడం వల్ల చాలామంది దెబ్బతింటారు. మధ్యాహ్నం భోజనమైన రెండు గంటలకు, రాత్రి భోజనానికి ముందు చూడండి. మొదటి రెండు వారాలు రోజూ చూస్తే మంచిది. 250 దాటితే ఆ రోజే డాక్టరుకు చెప్పాలి. 400 దాటినా, విపరీతమైన దాహంతో మత్తుగా ఉన్నా ఆసుపత్రికే. ఈ మందుకు ఆకలి విపరీతం. చూడ్డానికొచ్చే చుట్టాలు ప్రేమగా తెచ్చే తాపేశ్వరం కాజాలు, ఆత్రేయపురం పూతరేకులు రోగి కంటపడకుండా ఉంచడం మొరటుగా అనిపించవచ్చు, కానీ తప్పదు. కొబ్బరినీళ్లు రోజుకు రెండు మూడు బొండాలు పట్టిస్తుంటారు. షుగరు లేచినవాళ్లకు అదీ తగ్గించాలి.

తర్వాత తొడలు, తుంటి కండరాలు. కొన్ని వారాలు వాడాక పీట మీద నుంచి చేతులు ఆనించకుండా లేవలేరు, మెట్లెక్కలేరు. గడ్డ పెరిగిందని భయపడతారు. తేడా ఇలా తెలుస్తుంది: గడ్డ వల్ల వచ్చే బలహీనత ఎక్కువగా ఒక పక్కకే ఉంటుంది. స్టెరాయిడ్‌ది రెండు తొడలకూ సమానంగా ఉంటుంది, పిడికిలి బిగువు మాత్రం బాగుంటుంది. దీనికి మందు మోతాదు తగ్గించడం, రోజూ కుర్చీలోంచి పదేసిసార్లు లేచి కూర్చోవడం.

నోట్లో తెల్లటి పూత, ముద్ద మింగితే మంట: ఫంగస్. రోజూ నాలుక చూడండి. నల్లటి విరేచనం అయితే కడుపులో పుండు రక్తం కారుతోందని అనుకుని ఆసుపత్రికి వెళ్లండి. డెక్సా వాడుతుండగా డైక్లోఫెనాక్ సూదులు, ఐబుప్రొఫెన్ మాత్రలు వద్దు, తలనొప్పికి పారాసెటమాల్ చాలు. నాలుగు వారాలు మించి వాడవలసివస్తే ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ రాకుండా కోట్రైమాక్సజోల్ కావాలా అని అడగండి. కోపం, ఏడుపు, నిద్ర లేక రాత్రంతా మాట్లాడటం కూడా మందు పనే. మనిషి మారిపోయాడని బాధపడి ఊరుకోకుండా డాక్టరుకు చెప్పండి.

మన గోదావరి డెల్టాలో ప్రత్యేకంగా అడగవలసింది ఒకటుంది. చెప్పుల్లేకుండా తడినేలలో, చేలో ఏళ్లతరబడి పనిచేసినవాళ్లకు స్ట్రాంగిలాయిడిస్ అనే కంటికి కనిపించనంత సన్నటి పురుగు పాదాల చర్మంగుండా ఒంట్లోకి చేరి, ఏ బాధా లేకుండా దశాబ్దాలు ఉండగలదు. స్టెరాయిడ్ పడగానే అది లెక్కలేనంతగా పెరిగి ఊపిరితిత్తులకు, రక్తానికి పాకి ప్రాణం తియ్యగలదు. ఆల్బెండజోల్ ఒక్క మాత్రతో ఇది నమ్మకంగా పోదు, ఐవర్‌మెక్టిన్ కావాలి. "మావాడు ముప్పై ఏళ్లు ఊడ్పుల్లో పనిచేశాడండీ, పురుగు పరీక్ష అవసరమా" అని మీరే అడగండి. పెద్ద ఊళ్లలో డాక్టర్లకు ఈ సంగతి ఎప్పుడూ తట్టాలని లేదు. పాత క్షయ, కామెర్లు ఉంటే అదీ ముందే చెప్పాలి.

ఆపడం

రెండు మూడు వారాలు స్టెరాయిడ్ వాడాక మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు సొంతంగా కార్టిసోల్ తయారుచెయ్యడం తగ్గించేస్తాయి. అప్పుడు ఒక్కసారిగా ఆపితే రెండు దెబ్బలు: వాపు తిరగబెడుతుంది, ఒంట్లో కార్టిసోల్ లేక బీపీ పడిపోతుంది. లేవలేనంత నీరసం, వాంతులు, కళ్లు తిరగడం దాని గుర్తులు.

తగ్గించే పద్ధతి డాక్టరు రాసిస్తారు. మామూలుగా 8 నుంచి 6, 4, 2 అని నాలుగైదు రోజులకొక మెట్టు దిగుతారు. 2 కిందికి వచ్చాక ఇంకా నెమ్మదిగా. ఆపరేషన్‌లో గడ్డ బాగా తీసేస్తే త్వరగా దిగవచ్చు. రేడియేషన్ నడుస్తుంటే వాపు కొంత పెరగవచ్చు కాబట్టి ఆగి ఆగి దిగుతారు. ఒక మెట్టు దిగాక తలనొప్పి, బలహీనత తిరిగొస్తే ఫోన్ చెయ్యండి, చాలాసార్లు పాత మెట్టుకు వెళ్లమంటారు. నోటు పుస్తకంలో మూడు గడులు గీసి తేదీ, ఎన్ని మిల్లీగ్రాములు, ఆ రోజు ఎలా ఉన్నారు అని రాయండి. తరువాతి మెట్టు ఎప్పుడు దిగాలో డాక్టరు ఆ పుస్తకం చూసే నిర్ణయించగలరు.

జ్వరం, విరేచనాలు వచ్చినప్పుడు డెక్సా మానకూడదు, ఆ రోజుల్లో ఒంటికి అది ఇంకా అవసరం. వాంతులతో వరసగా రెండుసార్లు మాత్ర నిలవకపోతే సూది రూపంలో కావాలి, అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. పసరు మందో, పేరులేని పొడో మొదలుపెట్టి దీన్ని మాన్పించవద్దు. అలాంటి పొడుల్లో కొన్నిట్లో స్టెరాయిడ్ కలిపి ఉంటుంది, అప్పుడు మీ లెక్క మొత్తం తారుమారవుతుంది.

రేడియేషన్ పూర్తయిన మొదటి మూడు నెలల్లో తీసిన స్కాన్‌లో వాపు, మెరుపు పెరిగి గడ్డ తిరగబెట్టినట్టే కనిపించవచ్చు, కొందరిలో అది దానంతటదే తగ్గుతుంది. నెలలు గడిచాక రేడియేషన్ వల్లే చచ్చిన కణజాలం చుట్టూ వాపొస్తే, స్టెరాయిడ్‌కు లొంగనప్పుడు, వీఈజీఎఫ్‌ను పట్టి ఆపే బెవాసిజుమాబ్ అనే సూది పనికొస్తుంది. ఆపరేషన్ గాయం మానకముందు అది వాడరు.

పడక, తిండి, నీళ్లు

సముద్రం పోటు మీదున్నప్పుడు కోనసీమ మురుగు కాలువలు దిగవు, నీరు ఎగదన్నుతుంది. తల నుంచి దిగే సిరలదీ అదే తీరు. మెడ వంగినా, ముక్కినా, దగ్గినా దిగువన పీడనం పెరిగి రక్తం తలలోనే నిలుస్తుంది.

తలవైపు 30 డిగ్రీలు ఎత్తుండాలి. మంచం కోళ్ల కింద ఇటుక పెడితే సరిపోదు. ఆరడుగుల మంచానికి మూడంగుళాల ఇటుక పెడితే రెండున్నర డిగ్రీలు కూడా రాదు. నడుము దగ్గర నుంచే ఏటవాలు రావాలి. తుంటి నుంచి నడినెత్తి దాకా సుమారు 32 అంగుళాలనుకుంటే తల కింద 16 అంగుళాల ఎత్తు కావాలి. ప్లాస్టిక్ కుర్చీని మంచం మీద బోర్లించి, వీపు ఆనే భాగం ఏటవాలుగా వచ్చేట్టు పెట్టి, మీద బొంతలు మడతపెట్టి పరిచి, టేపుతో కొలవండి. తలగడలు రెండు మూడు పేర్చితే గడ్డం గుండెకు ఆని మెడ మడతపడుతుంది, అది మేలుకన్నా కీడు. ముక్కు, గడ్డం, బొడ్డు ఒకే వరసలో ఉండాలి.

మలబద్ధకం రానివ్వకండి. కింద కూర్చునే దొడ్డి కన్నా కుర్చీ కమోడ్ మేలు. విరేచనం సాఫీగా అయ్యే మందు ముందే రాయించుకోండి.

నీళ్లు మామూలుగా తాగనివ్వండి. వాపని నీళ్లు మాన్పిస్తే రక్తం చిక్కబడటం తప్ప లాభం లేదు. ఉప్పు కూడా డాక్టరు చెప్పకుండా మాన్పించవద్దు. రక్తంలో సోడియం తగ్గితే నీరు మెదడులోకి ఇంకా లాగబడుతుంది. ఇక్కడే మన ఊళ్లలో అలవాటుగా జరిగే ఒక పెద్ద పొరపాటు చెప్పాలి: నీరసంగా ఉన్నాడని గ్లూకోజు బాటిలు ఎక్కించడం. 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లోని చక్కెరను ఒళ్లు వాడేసుకున్నాక మిగిలేది వట్టి నీరు, అది వాపును పెంచుతుంది. చక్కెర వల్ల షుగరూ లేస్తుంది. సెలైన్ తప్పనిసరైతే నార్మల్ సెలైన్, అదీ చికిత్స చేస్తున్న డాక్టరును అడిగాకే.

ఆగకుండా బయల్దేరాల్సిన గుర్తులు

పిలిస్తే పలకనంత మత్తు, లేదా గంటగంటకూ పెరుగుతున్న మత్తు. ఆగని వాంతులతో తలనొప్పి. ఒక కంటిపాప రెండోదానికన్నా పెద్దదవడం (ఫోన్ టార్చి వేసి చూడండి, వెలుగుకు చిన్నదవ్వాలి). కొత్తగా ఒక పక్క పడిపోవడం. చూపు ఒక్కసారిగా మసకబారడం. బీపీ బాగా పెరిగి, నాడి నెమ్మదించి, ఊపిరి ఆగి ఆగి రావడం మెదడు కాండం నలుగుతోందనడానికి చివరి హెచ్చరిక. అక్కడిదాకా రానివ్వకూడదు.

మూర్ఛ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, టైము చూడండి. చేతిలో తాళంగుత్తి పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, నోట్లో నీళ్లు పొయ్యడం వద్దు. ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండా మళ్లీ వచ్చినా 108కి ఫోన్ చెయ్యండి.

ఆసుపత్రిలో మెదడు నుంచి నీటిని లాగే మానిటాల్ అనే ద్రవం ఎక్కిస్తారు. 20 శాతం బాటిలు 100 మిల్లీలీటర్లలో 20 గ్రాములుంటుంది. కిలోకు పావు నుంచి ఒక గ్రాము లెక్కన, 60 కిలోల మనిషికి అర గ్రాము చొప్పున 150 మిల్లీలీటర్లు, 15-20 నిమిషాల్లో ఎక్కించాలి. చుక్కచుక్కగా గంటలకొద్దీ పెడితే పనిచెయ్యదు. పావుగంట అరగంటలో పని మొదలై కొన్ని గంటలే ఉంటుంది, కాబట్టి అది పెద్దాసుపత్రికి చేరే వ్యవధి మాత్రమే. చల్లదనానికి బాటిల్లో స్ఫటికాలు కడితే వెచ్చబెట్టి కరిగించాకే వాడాలి. మూత్రం ధారగా వస్తుంది కాబట్టి గొట్టం వేస్తారు. కిడ్నీ, గుండె జబ్బులుంటే ముందే చెప్పాలి. స్కాన్ చూడకుండా వెన్నులోంచి నీరు తియ్యడానికి ఒప్పుకోకండి. పైన పీడనం ఉండగా కింద నీరు తీస్తే మెదడు కిందికి జారవచ్చు.

అమలాపురం నుంచి కాకినాడకైనా రాజమహేంద్రవరానికైనా సుమారు 60 కిలోమీటర్లు. లంకల్లో ఉండేవాళ్లకు అంతకుముందు ఏరు దాటే పనుంది, సఖినేటిపల్లి వైపువాళ్లకు నరసాపురం పంటు రాత్రివేళ దొరక్కపోవచ్చు. న్యూరోసర్జన్ రాత్రి కూడా అందుబాటులో ఉండే ఆసుపత్రి ఏదో, ఏ దారిన వెళ్లాలో రోగి బాగున్న రోజునే కనుక్కుని రాసిపెట్టుకోండి. జులై నుంచి సెప్టెంబరు దాకా గోదావరి ఉధృతంగా ఉండే రోజుల్లో పది రోజులకు సరిపడా డెక్సా, మూర్ఛ మాత్రలు ప్లాస్టిక్ డబ్బాలో అదనంగా ఉంచండి. ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేశారంటే రోగిని గట్టు ఇవతల ఉన్న చుట్టాలింటికి చేర్చండి. రెండో హెచ్చరిక దాకా ఆగితే పడవలో మత్తు మనిషిని పడుకోబెట్టి తేవలసివస్తుంది.

ఆ డబ్బాలోనే ఒక కాగితం పెట్టండి: గడ్డ పేరు, ఏ పక్క ఉంది, ప్రస్తుతం డెక్సా రోజుకు ఎన్ని మిల్లీగ్రాములు, ఏ తేదీ నుంచి వాడుతున్నారు, చివరి మోతాదు ఎన్ని గంటలకు వేశారు, మూర్ఛ మందు పేరు, పడని మందులు, చివరి స్కాన్ తేదీ. మోతాదు మారిన ప్రతిసారీ పాత అంకె కొట్టేసి కొత్తది రాయండి. కొత్త ఆసుపత్రిలో తెలియని డ్యూటీ డాక్టరు స్టెరాయిడ్ ఆపెయ్యకుండా చూసేది ఆ అంకే.